చేసినవాడు మాట్లాడకూడదు

నా భార్య పోయాక నేను మా బావమరిది ఆఫీసుకు వెళ్ళడం అదే మొదటిసారి. వాళ్ళు రోగులకు పనికొచ్చే వస్తువులకు నమూనాలు చేస్తారు. చేతులు వణికేవాళ్ళ కోసం అతను ఒక కప్పు చేశాడు. చివరిరోజుల్లో వాళ్ళ అక్క నీళ్ళు ఒలకబోసుకుని సిగ్గుపడటం అతను చూశాడు. ఆ కప్పు తయారీకి వెళ్ళాలా వద్దా అన్నది ఆ రోజు తేలాలి.

అక్కడొక పద్ధతి ఉంది. చేసినవాడు తన వస్తువు గురించి నోరు విప్పకూడదు. ఒకరు దాని తరఫున మాట్లాడాలి, మరొకరు తప్పులు పట్టాలి. కప్పు తరఫున నన్ను పిలిచారు.

“మా సార్ నోరు మూసుకుని కూర్చునేది ఈ కాసేపే, మాస్టారూ. నెమ్మదిగా కానివ్వండి,” అంది తప్పులు పట్టాల్సిన అమ్మాయి.

బావమరిది నవ్వలేదు. కుర్చీలో అటూ ఇటూ కదులుతున్నాడు.

పిడి మీద బొటనవేలికి ఒక గుంట ఉంది. నా భార్య వేలు ఎక్కడ ఆనేదో సరిగ్గా అక్కడ. బరువంతా అడుగున ఉంది కాబట్టి చెయ్యి వణికినా కప్పు ఒరగదని చెప్పాను. చంటిపిల్లల సామానులా లేదు కాబట్టి నలుగురిలో వాడటానికి నామోషీ ఉండదని చెప్పాను. పాఠం చెప్పినట్టే చెప్పాను.

“బాగుంది. కుడిచెయ్యి పడిపోయిన మనిషైతే?” కప్పులో నీళ్ళు పోసి నా ముందుకు జరిపింది. “ఎత్తండి.”

ఎడమచేత్తో ఎత్తాను. గుంట అంచు వేలికి అడ్డొచ్చింది. కప్పు తిరిగిపోయి నీళ్ళు చొక్కా మీద పడ్డాయి.

“గుంట పూడిస్తే?” అన్నాను.

“వణికే చేతికి పట్టు దొరకదు. దీని బలమంతా అక్కడే ఉంది కదా.”

బావమరిది నన్నే చూస్తున్నాడు. కుడిచేతివాళ్ళే ఎక్కువ కదా అంటే చాలు, గట్టెక్కేది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

“ఇది వద్దు,” అన్నాను.

“బావా! అది అక్క చెయ్యి!” పద్ధతి మరిచి లేచాడు.

“తెలుసురా. ఇంకెవరి చేతికీ రావడం లేదు.”

కిటికీ దాకా వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. చివరికి నమూనాలకు వాడే మట్టిముద్ద ఒకటి తెచ్చి బల్ల మీద పడేశాడు.

“నీ ఎడమచెయ్యి ఇటివ్వు.”

“మళ్ళీ ఒక్కరిదేనా సార్? నాదీ తీసుకోండి,” అంది అమ్మాయి.

మట్టిలో వేళ్ళు నొక్కాను.

“కదపకు బావా.”

ఎంత బిగబట్టినా నా చెయ్యి నిలవలేదు.

“కదలనివ్వండి సార్,” అంది అమ్మాయి. “మనం చేసేది వణికే చేతులకే కదా.”