ఒడ్డుకే వచ్చే ఈతగాడు

సముద్రతీర నగరం వులాంగాంగ్‌లోని ఒక ల్యాబ్‌లో ఇమొజెన్ ఒక ఏఐని తయారుచేస్తోంది. ఫోటోలో ఉన్న మనిషి ఎటు కదలాలో బాణం గీసి చూపిస్తే అది వీడియో చేసిపెట్టాలి. బీచ్‌లో పిల్లలకు ఈత నేర్పే టవీటా, ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే నీటిపాయ మనిషిని ఎలా తీసుకుపోతుందో చూపే వీడియో అడిగాడు. ఆమె ఒక ఈతగాడి ఫోటో మీద సముద్రంవైపు బాణం గీసింది. వీడియోలో ఈతగాడు హాయిగా ఒడ్డుకు వచ్చేశాడు. బాణం పొడవు పెంచితే ఇంకా వేగంగా వచ్చాడు.

“ఇది చూస్తే, పాయ ఒడ్డుకు చేరుస్తుందనుకుని పిల్లలు నేరుగా అందులోకే దూకుతారు తల్లీ!” అన్నాడు టవీటా.

“నేనేం చెయ్యను? అది చూసి నేర్చుకున్న వీడియోలన్నిటిలో జనం ఒడ్డుకే వస్తున్నారు!” అంటూ ఆమె మౌస్‌ని విసిరికొట్టింది.

“అయితే లోపలికి పోయేవాణ్ణి నేను చూపిస్తా, పద.”

మర్నాడు రక్షణ పడవను దగ్గర ఉంచుకుని, టవీటా ఆ పాయలో వెల్లకిలా తేలుతూ పలుమార్లు కొట్టుకుపోయాడు. ఇమొజెన్ డ్రోన్‌తో తీసిన ఆ వీడియోలన్నీ ఏఐకి చూపించి మళ్లీ నేర్పింది.

ఈసారి ఈతగాడు బాణం వెంటే వెళ్లాడు. కానీ అతనితోపాటు అలలన్నీ కూడా ఒడ్డు వదిలి వెనక్కి పోయాయి.

“పోనీలే, నేను తేలిన వీడియో ఉందిగా. పిల్లలకు అదే చూపిస్తా,” అన్నాడు టవీటా.

తన ఏఐతో పనే లేదన్నట్టున్న ఆ ఓదార్పుకే ఆమెకు ఒళ్లు మండిపోయింది.