నాలుగో గిద్ద

నేను బియ్యం కొలిచే ఇత్తడి గిద్దను. బియ్యం డబ్బాలో సగం మునిగి ఉంటాను గానీ, ఇంట్లో మాటలన్నీ వింటాను. చదువు లేదమ్మా నాకు. నిండితే గిద్ద, నిండకపోతే కాదు, అంతవరకే తెలుసు. జ్ఞాపకాలు మాత్రం తవ్వొద్దు, పొద్దుగూకిపోతుంది.

పుట్టింది అజ్జరంలో. నన్ను సుత్తితో కొట్టి కొట్టి గుండ్రంగా చేసినాయన చివర్న వేలితో టక్కున మోగించి, "పర్లేదు, మోగుతోంది" అన్నాడు. నాకు దక్కిన మొదటి మెప్పు అదే. వెంకాయమ్మగారని ఒకావిడ కొనుక్కెళ్ళి కూతురికి సారెలో పెట్టారు. ఆ కూతురు తన కూతురు నాగవేణికిచ్చింది. అలా తణుకు చేరాను. చేతులు మారాయి గానీ లెక్క మారలేదు, మనిషికో గిద్ద. కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి. నాగవేణి అయితే రాగం తీసేది. "లాభం... రెండు... మూడు... నాలుగు." తనకి, మొగుడు వీర్రాజుకి, పెద్దపిల్ల ఝాన్సీకి, చిన్నికి.

పోయిన వానల్లో జ్వరమొచ్చి నాగవేణి పోయింది.

చిన్ని రెండో తరగతి. అమ్మ కావాలని నేల మీద పడి దొర్లి ఏడ్చేది, కాసేపటికి లేచి తొక్కుడుబిళ్ళ ఆడేది. ఝాన్సీ పదో తరగతి. కన్నీటి చుక్క లేదు. వంట చేస్తుంది, చెల్లికి జడ వేస్తుంది, బడికి పోతుంది. "బంగారం, ఎంత ధైర్యమో!" అన్నారు చూడవచ్చినవాళ్ళంతా. మనుషుల తీరే అంత. ఏడ్చేవాళ్ళని చూసి కంగారు పడతారు, ఏడవనివాళ్ళని మెచ్చుకుని వెళ్ళిపోతారు.

నాకు తెలుసు కదా. ఝాన్సీ నోరు విప్పకుండా కొలుస్తుంది. లాభం లేదు, రెండు లేదు. కొలిచేది మాత్రం నాలుగు గిద్దలు. మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి, పొద్దున్నే తనే కళ్ళు మూసుకుని మింగేది.

ఓరోజు మేనత్త చూసేసింది. "ముగ్గురికి నాలుగు గిద్దలేంటే? ఇల్లా, సత్రమా?"

"పొరపాటున పడిందత్తా."

మర్నాడూ అదే పొరపాటు.

బళ్ళోంచి రజియా మేడం వచ్చేది, దిగులుపడ్డ పిల్లల్ని పలకరించడమే ఆవిడ పని. గుండె ఎంత బరువుగా ఉందో వేళ్ళతో చూపించమనేది. ఒక వేలంటే తేలిక, అయిదంటే మోయలేనంత. చిన్ని రెండు చేతులూ ఎత్తేసేది. ఝాన్సీ ఎప్పుడూ ఒక్క వేలే. "నాకేం లేదండీ, బానే ఉన్నాను."

ఓ ఆదివారం మేడం వచ్చేసరికి ఝాన్సీ వంటింట్లో బియ్యం పోస్తోంది. మేడం గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. నాలుగోసారి నేను గిన్నెలో ఒంపడం చూసి నవ్వింది.

"అయ్యో, నాక్కూడా పోశావా తల్లీ? నేను తినొచ్చానే!"

ఝాన్సీ చెయ్యి ఆగిపోయింది. నేను జారి కిందపడి ఖంగుమన్నాను.

"మీక్కాదండీ... మా అమ్మకి."

అంతే. ఆ పిల్ల ఏడుపు ఏం చెప్పను! బయట సైకిల్ తుడుచుకుంటున్న వీర్రాజు గుడ్డ పారేసి పరిగెత్తుకొచ్చాడు, కూతుర్ని పొదువుకుని తనూ ఏడ్చాడు. మేడం లేచి పొయ్యి మీద ఎసరు పెట్టింది. అది మరిగేదాకా ఆగి, "మీ అమ్మ వంతు ఇవాళ నేను తింటాను, పెడతావా?" అంది.

ముద్దపప్పు, ఆవకాయ. తినొచ్చిన మనిషి మెతుకు మిగల్చకుండా తింది. చెయ్యి కడుక్కుని, "ఇప్పుడు చూపించు" అంటే ఝాన్సీ అయిదు వేళ్ళూ చాపింది. బరువు పెరిగినందుకు మేడంలా ఊపిరి పీల్చుకున్న మనిషిని నేను అప్పుడే చూశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళు మూడు, కొన్నాళ్ళు నాలుగు. నాలుగు పడిన రోజు ఎదురింటి అవ్వని భోజనానికి పిలుస్తున్నారు.

నిన్న చిన్ని నన్ను లాక్కుంది. "ఈసారి నేను కొలుస్తా! ఒకటి..."

"ఒకటేంటే మొద్దూ!" ఝాన్సీ నవ్వింది. "లాభం అనాలి. అమ్మ ఎలా అనేదో తెలుసా?"

అని, రాగం తీసి చూపించింది.