ఫోన్‌లో ఉన్న పైసలు

గుజరాతీ పట్నపు మిల్లుల పేట పాండేసరలో పద్మారాణి కిరాణా కొట్టు తెరిచే ఉంది గానీ, అమ్మడానికి అందులో సరుకు లేదు. ఉప్పు ప్యాకెట్లు, బట్టల సబ్బులు, ఎవరూ అడగని అగరుబత్తులు మిగిలాయి. రెండోసారి విరుచుకుపడ్డ కరోనాకు బట్టలు నేసే సాంచాలు ఆగిపోయాయి. కూలి దొరకని బస్తీ జనమంతా ఉద్దెర చెప్పి ఉన్న సరుకు పట్టుకుపోయారు. గల్లాపెట్టె ఖాళీ. ఆమెకున్న డబ్బంతా చేతిలోని ఫోన్‌లో ఉంది.

అది తమ్ముడు శ్యాంసుందర్ పంపిన క్రిప్టో కాయిన్. ఊరవతల పల్సానాలో బట్టలకు రంగులేసే మిల్లులో పనిచేసే అతను, ఏడాదిగా జీతంలో మిగిలిందంతా ఆ కాయిన్‌లోనే పెడుతూ వచ్చాడు. ఊపిరి అందక ఆస్పత్రికి వెళ్లిన రోజు అక్కకు ఫోన్ చేశాడు.

"అక్కా, అడ్వాన్స్ కట్టకుంటే మంచం ఇయ్యరంట. యాప్‌ల నుంచి పైసలు బ్యాంకుకు వస్తలెవ్వు, బందు పెట్టిండ్రు. నీ దగ్గరున్న రూపాయలు ఈడ కట్టు. గంతకు గంత కాయిన్ నీకు పంపుత. అది పెరుగుతది అక్కా, నీకు నష్టం గాదు."

మాటకూ మాటకూ మధ్య దగ్గు. పద్మారాణి సరుకు తేవడానికి దాచిన డబ్బంతా ఆస్పత్రి ఖాతాలో వేసింది. తమ్ముడి కోసమే వేసింది. అయితే పెరుగుతుందన్న మాట కూడా ఆమె చెవికి తియ్యగానే తగిలింది. ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

పెరగలేదు. చూస్తుండగానే సగానికి పడిపోయింది.

ఇప్పుడు తమ్ముడింకా పల్సానా ఆస్పత్రిలోనే ఉన్నాడు, భర్త అంబదాస్ జ్వరంతో లోపలి గదిలో పడి ఉన్నాడు. అత్త వెంకటవ్వకు షుగరు. రోజూ పొడవాల్సిన సూదిమందు అయిపోయింది. పొద్దున మంచం దిగబోయిన ముసలామె తలుపు పట్టుకుని అక్కడే కూలబడింది.

"గా కాయిన్ అమ్మి మందులు తేరాదే?" అన్నాడు అంబదాస్, పడుకున్న చోటినుంచే.

"అమ్ముడు బటన్ వొత్తితే యాప్ ఆగుమంటుంది. తెల్లారినప్పటి సంది గదే వొత్తుతున్న."

"ఎవలనన్న బదులు అడుగు."

"ఎవలింట్ల ఉన్నయని అడగాలె?"

అతను గోడవైపు తిరిగాడు. పద్మారాణి మాస్కు కట్టుకుని బయలుదేరింది.

ముందు టోకు వ్యాపారి సేఠ్ దగ్గరికి వెళ్లింది. ఏళ్ల తరబడి ఆమె సరుకు తెచ్చుకునేది అక్కడే. ఈ కాయిన్ తీసుకుని ఒక బస్తా బియ్యం, మందులకు కాస్త నగదు ఇమ్మని హిందీలో బతిమాలింది. సేఠ్ ఆమె ఫోన్‌ను వింతగా ఏమీ చూడలేదు.

"మా అబ్బాయి దగ్గర కూడా ఉన్నాయి చెల్లెమ్మా. కొని పెట్టుకున్నాడు. కానీ వాడు వాటితో పంచదార కొనడు, నేను వాటికి పంచదార అమ్మను. నన్ను బియ్యం మిల్లువాళ్లు రూపాయలే అడుగుతారు. సాయంత్రానికి నీ కాయిన్ ఎంతవుతుందో నువ్వు చెప్పగలవా?"

ఆమె ఫోన్ కొంగున ముడేసుకుంది. పాత బాకీ ఉండగా ఇంకో ఉద్దెర అడగడానికి నోరు రాలేదు.

మందుల దుకాణం ముందు జనం బారులు తీరి ఉన్నారు. తన వంతు వచ్చాక సూదిమందు, సిరంజీలు, జ్వరం మాత్రలు బల్లమీద పెట్టించుకుని, అప్పుడు ఫోన్ చూపించింది. కౌంటర్లో ఉన్న ఉమాకాంత్‌ది సోలాపూర్. చాన్నాళ్లుగా తెలిసిన మనిషి. తెలుగు మాట్లాడతాడు. తనకూ ఆ యాప్ ఉందని అతను అనగానే పద్మారాణికి ప్రాణం లేచి వచ్చింది.

"బిల్లు నేను నా జేబులోంచి కడతానక్కా. కాయిన్ నాకు పంపు. కానీ చూడు, పంపే ఖర్చే ఈ మందులకంటే ఎక్కువ చూపిస్తోంది."

"పోనీయి తమ్మీ. పంపుత."

పంపింది. ఆమె ఫోన్‌లో కాయిన్ తగ్గింది. అతని ఫోన్‌లో మాత్రం ఏమీ పడలేదు. ఇద్దరూ రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టుకుని చూశారు. వెనక నుంచి జనం తిట్లు మొదలుపెట్టారు. ఒకతను ఆక్సిజన్ గొట్టం కోసం వచ్చాడు, ఏడుస్తున్నాడు. ఉమాకాంత్ ఇబ్బందిగా మందుల సంచీ తనవైపు లాక్కున్నాడు.

"వచ్చాక ఇస్తాను. ఒక్కోసారి చాలాసేపు పడుతుంది."

"నా దగ్గరి నుంచి పోయింది గద!"

"పోయింది. నాకింకా రాలేదు."

పద్మారాణి బల్ల పట్టుకుని అలాగే నిలబడింది. ఇంట్లో ముసలామె పొడిబారిన నోరు తెరిచి పడుకున్న తీరు కళ్ల ముందు మెదిలింది. ఫోన్ ఆపేసి, సంచీ పక్కన పెట్టింది.

"గీ ఫోన్ ఉంచుకో తమ్మీ. కాయిన్ రాకుంటే ఫోనే నీది. మందులియ్యి, నీ కాల్మొక్త."

అతను ఫోన్‌ను ఒకసారి తిప్పి చూసి సొరుగులో వేశాడు. సంచీ ఇచ్చాడు.

వెంకటవ్వకు సూది పొడిచి, అంబదాస్‌కు మాత్ర వేసి, మిగిలిన నూకలతో జావ కాచింది. సాయంత్రానికి ముసలామె కళ్లు తెరిచి "బిడ్డా, నువ్వు తిన్నవా?" అని అడిగింది. తిన్నానంది పద్మారాణి.

తెల్లారి దుకాణానికి వెళ్లేసరికి ఉమాకాంత్ షట్టర్ ఎత్తుతున్నాడు. కాయిన్ నిన్న ఆమె వెళ్లిపోయాక వచ్చిందని, అప్పటికే ఇంకా పడిపోయిందని చెప్పాడు. మిగతా తేడా అడుగుతాడేమోనని ఆమె భయపడింది. అతను ఆ ఊసే ఎత్తకుండా ఫోన్ తీసి ఇచ్చాడు. ముఖం చూడలేదు.

"రాత్రి ఆపేసి ఉందక్కా. ఇందాకే ఛార్జింగ్ పెట్టి ఆన్ చేశాను. వెంటనే మోగింది. పల్సానా ఆస్పత్రి నుంచి. శ్యాంసుందర్ నీకు ఏమవుతాడు?"

"తమ్ముడు. ఏమన్నరు?"

"నిన్ననే పోయాడటక్కా," అన్నాడతను. పద్మారాణి షట్టర్ పక్కన గోడకు ఆనుకుని, నోట్లో కొంగు కుక్కుకుంది. నిన్న మధ్యాహ్నం నుంచి ఆస్పత్రి వాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారట. మధ్యాహ్నం లోపు మనిషి రాకపోతే వాళ్లే దహనానికి పంపేస్తారట.

రోడ్డు మీద ఆటో ఆపింది. పల్సానా అనగానే డ్రైవర్ రెట్టింపు చెప్పాడు, ముందే చేతిలో పెట్టాలన్నాడు. ఆమె మళ్లీ దుకాణానికి వచ్చింది.

"తమ్మీ, ఫోన్ కొనుక్కో. లోపల మిగిలిన కాయిన్ కూడా తీసుకో. నాకు నోట్లు కావాలె, నోట్లు."

"దాంట్లో మీ తమ్ముడి డబ్బులింకా ఉన్నాయక్కా."

"ఆటోవాడు తీసుకుంటడా గవి?"

ఉమాకాంత్ సొరుగులో ఉన్న నోట్లు లెక్కపెట్టకుండానే ఆమె చేతిలో పెట్టాడు. ఫోన్ కూడా తీసుకెళ్లమని ఏదో అంటున్నాడు. ఆమె అప్పటికే ఆటో ఎక్కేసింది.

మిల్లుల పొగగొట్టాలు వెనక్కి పోతుండగా, పల్సానా రోడ్డులో ఎక్కడో ఆమెకు తట్టింది. శ్యాం చనిపోయాడని ఇంట్లో ఇంకా తెలియదు. మందుల దుకాణం దాకా వెళ్లొస్తానని వచ్చింది. అంబదాస్‌కు చెబుదామంటే ఆమె దగ్గర ఫోన్ లేదు, అతని నంబరు నోటికి రాదు.

"భాయ్, జర జల్దీ పోనీయి," అంది.