ఇంకని నీళ్లు

2025 జూలై పద్నాలుగు, సోమవారం, సాయంత్రం ఐదు గంటల నలభై నిమిషాలు. ఉప్పల్‌లో మున్సిపల్ ఆఫీసు గేటు దాటి స్వర్ణలత రోజూలాగే నాచారం షేర్ ఆటో కోసం నిలబడింది. వాన అప్పుడే సన్నబడింది. ఆఫీసు గోడవారన ఆగి ఉన్న నీళ్లు మెల్లగా కదిలి వచ్చి ఆమె చెప్పుల దగ్గర నిలిచాయి.

ఆటో అతను తల బయటపెట్టి చూశాడు. "అక్కా, గా నీళ్లు నీయేనా? లోపలికి ఎక్కియ్యకు, ఎన్కనుంచి రానీ."

తప్పిపోయిన దూడలా నీళ్లు ఆటో వెనకే హబ్సిగూడ మీదుగా నాచారం చౌరస్తా దాకా వచ్చాయి. ఆమె తోటకూర కొంటుంటే ఆగాయి. ఆమె గడప దాటితే అవీ దాటి, చీలమండల లోతున ఇల్లంతా పరుచుకున్నాయి. దేవుడి అర్రలోకి మాత్రం పోలేదు.

అత్తగారు రాములమ్మ తుంటి విరిగి ఏడాదిగా మంచం మీదే ఉంది. లేపాలన్నా, కూర్చోబెట్టాలన్నా, స్నానం చేయించాలన్నా స్వర్ణలతే. మంచం కిందికి వచ్చిన నీళ్లను ముసలామె తొంగి చూసింది.

"ఎవరియే పిల్లా ఇవి?"

"మా ఆఫీసువి అత్తమ్మా."

"మీ ఆఫీసోళ్లకంటె నయమే, కాళ్లు కడుక్కొనే వచ్చినయి. గంగమ్మ తల్లి ఇంటికొస్తె పొమ్మనద్దు. జర పసుపు కుంకుమ ఎయ్యి."

స్వర్ణలత వేసింది. దీపం పెట్టింది. తర్వాత మంచం పట్టె మీద కూర్చుని జరిగింది చెప్పింది. ఆఫీసు ఏటా రాసే పర్యావరణ నివేదికను ఈసారి నుంచి అందరికీ కనబడేలా వెబ్‌సైట్‌లో పెట్టాలన్నారు. అందులో ఒక గడి, వాన నీళ్లు భూమిలోకి దిగే ఇంకుడు గుంతల్లో పనిచేసేవి ఎన్ని అని. ఆమె ఎండలో కాలనీలన్నీ తిరిగి చూసింది. ఆరు ఉన్నాయి. తక్కినవాటి మీద బండలు పరిచారు, బైకులు పెట్టారు, ఒకదాని మీద వినాయకుడి మండపానికి దిమ్మె కట్టారు. ఆఫీసర్ లక్ష్మీకాంత్ గారు, "పోయినేడాది ఏముందో అదే దించండమ్మా" అన్నారు. నాలుగేళ్లుగా దించుతున్నదే. శుక్రవారం ముప్పై ఏడు అని రాసి సంతకం పెట్టింది. బుధవారం అది వెబ్‌సైట్‌కెక్కుతుంది.

"ముప్పై ఒక్క గుంతల నీళ్లు అత్తమ్మా. ఇంకినయని రాసిన. ఇంకెక్కడికి పోతయి పాపం."

రాములమ్మ నీళ్లలో వేళ్లు ముంచి తీసింది. "కాయిదం మీద ఇంకు ఇంకింది గని, నీళ్లు ఇంకలే బిడ్డా."

షిఫ్టు దిగి వచ్చిన భర్త దయాకర్ ప్యాంటు మడిచి తల్లి మంచం కోళ్ల కింద తలా ఒక ఇటుక పెట్టాడు. "రేపు వానొస్తె ఇంకో ఇటుక. తర్వాత అమ్మను అటక మీద పండవెట్టాల్నా?"

"నిజం రాస్తె నాలుగేండ్లు తప్పెవరు రాసిన్రని అడుగుతరు. అన్నిట్ల నా సంతకమే. ట్రాన్స్‌ఫర్ చేసి ఎక్కడికో పంపుతరు."

అప్పుడు అమ్మను లేపేదెవరని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

మంగళవారం ఆమె ముప్పై ఏడు కొట్టేసి, ఆరు అని రాసింది. లక్ష్మీకాంత్ గారు కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. చెడ్డవారు కారు. రిటైర్మెంటుకు రెండేళ్లుంది, అంతే.

"ఏంటమ్మా ఇది? తప్పు రాస్తే ఎవరూ అడగరు. నిజం రాస్తేనే అడుగుతారు."

"నీళ్లు ఇంటికొచ్చినయి సార్."

"వస్తాయమ్మా. మీకు ముందు ఈ సీట్లో ఉన్న పరంధామయ్య గారింటికీ వచ్చేవి. రిటైరయ్యాక మానేశాయి."

ఆమె రాసిన ఆరు కొట్టేసి, తన చేత్తో ముప్పై ఏడు వేసి సంతకం పెట్టారు. ఆ తర్వాత ఆమెను భూపాలపల్లికి మార్చమని పై ఆఫీసుకు ఇంకు పెన్నుతో ఉత్తరం రాసి, తన సంచిలో పెట్టుకున్నారు. "కోపంతో కాదమ్మా. మీరిక్కడుంటే మళ్లీ ఆరే రాస్తారు."

సాయంత్రం మళ్లీ వాన. స్వర్ణలత గేటు దగ్గర ఆగి వెనక్కి చూసింది. ఏవీ రాలేదు. ఇంట్లో నేల ఆరిపోయి ఉంది, పసుపు మరక తప్ప.

"నాలుగింటికే లేసిపోయినయి. పోయొస్తనని ఒక మాటన్న లేదు" అంది రాములమ్మ, చిన్నబుచ్చుకుని.

ఏడింటికి ఫోన్ మోగింది. లక్ష్మీకాంత్ గారు.

"స్వర్ణలత గారూ, నీళ్లు సైనిక్‌పురిలో మా ఇంటికొచ్చాయి. సోఫా దగ్గరున్నాయి. వీటికేం పెట్టాలి?"

"పసుపు కుంకుమ సార్."

"పెడితే పోతాయా?"

"పోవు సార్. మర్యాదకు."

ఆయన నీళ్లలో అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినిపించింది.

"సంచి కింద పెట్టానమ్మా. మీ ఉత్తరం తడిసింది. ఇంకంతా పోయి తెల్లకాగితం మిగిలింది. మళ్లీ రాసే ఓపిక నాకు లేదు." ఊపిరి పీల్చుకుని అడిగారు. "ఆరేనా? సరిగ్గా చూశారా?"

"ఆరే సార్."

"అయితే పొద్దున్నే ఆరు వేసి పెట్టేద్దాం. అడిగితే ఇద్దరం చెబుదాం."

బుధవారం పొద్దున, డ్యూటీకి పోకముందే దయాకర్ గడ్డపార తీసుకుని గేటు ముందు సిమెంటు పగలగొట్టాడు. రాములమ్మ మంచాన్ని గడప దాకా జరిపారు. ఆమె పడుకునే పని చెప్పింది. "ఇంకొంచెం లోతు తియ్యిరా. మళ్లొస్తె కూసోను ఇంత చోటుండద్దా?"

అడుగున కంకర పోశారు, పైన ఇసుక. స్వర్ణలత చిటికెడు పసుపు వేసి దండం పెట్టుకుంది, టిఫిన్ డబ్బా సర్దుకుంది.

"ఏడోది. రాసుకోపో" అన్నాడు దయాకర్ చెమట తుడుచుకుంటూ.

"వాన పడనీ. ఇంకినంక రాస్త" అని ఆమె ఆటో కోసం చౌరస్తా వైపు నడిచింది.