మిషనక్క చెప్పని మాట

ఆ వీధిలో ఆడవాళ్ల జాకెట్లకు హుక్కులు నిలిచేవి కావు. ఇవాళ కుట్టించుకున్నది రేపటికల్లా ఊడిపోయేది, లేదంటే చంక దగ్గర పిగిలేది. దాంతో కుట్టుపని చేసే మిషనక్క పనితనానికి వీధి వీధంతా దణ్ణం పెట్టేసింది. ఆవిడ కుట్టు ఒక్క తుమ్ముకు కూడా ఆగదని మగవాళ్లు నవ్వుకునేవారు. మిషనక్క నోరు మెదిపేది కాదు. ఆ హుక్కుల్ని పళ్లతో లాగి ఊడదీసుకొచ్చేది ఆ జాకెట్ల వాళ్లేనని చెబితే నాలుగు కొంపలు మునుగుతాయి మరి.

అసలు సంగతేమిటంటే, గర్భం రాకుండా వేసుకునే మాత్రలు నలుగురు ఆడవాళ్లవి ఆమె దగ్గరుండేవి. నెలకోసారి నర్సమ్మ వచ్చి ఇచ్చిపోయేది. ఇంట్లో పెట్టుకుంటే అత్త కంట పడతాయి, మొగుడి చేతికి చిక్కుతాయి. అవి మింగితే ఇక జన్మలో కడుపు పండదని ఒకరింట్లో నమ్మకం. మొగుడు ఊళ్లో లేని ఆడదానికి వాటితో పనేమిటని ఇంకొకరింట్లో అనుమానం. అందుకని ఎవరి అట్టను వాళ్ల జాకెట్టు గుడ్డముక్కలోనే చుట్టి, మిషనక్క బొత్తాల డబ్బాలో దాచేది. పేర్లు రాసే పని లేదు, చదివే పనీ లేదు. మధ్యాహ్నం పూట ఊడిన హుక్కు పట్టుకుని ఒక్కొక్కరే వచ్చి, తమ రంగు ముక్క వెతుక్కుని, ఒక మాత్ర మింగి వెళ్లేవారు.

మిషనక్కకు మొగుడు పోయి తొమ్మిదేళ్లు. పిల్లల్లేరు. ముందు గదిలో మిషను, వెనక గదిలో పొయ్యీ మంచమూ. ఈ మాత్రల వ్యవహారం లేని రోజుల్లో పొద్దుటినుంచి ఎవరితోనూ మాట్లాడక, సాయంత్రం దారపుకండె కొనబోతే గొంతు బొంగురుగా పలికేది. ఇప్పుడు రోజుకు నలుగురు మనుషులు. ముఖ్యంగా గేదెల పాలు అమ్మే పాలింటి చిన్నకోడలు.

చిన్నకోడలు వచ్చిందంటే మాత్ర మింగి ఊరుకునే రకం కాదు. మిషను పక్కన గోడకు చేరగిలబడి, కాళ్లు బారజాపి, ఇంటి గొడవంతా పూసగుచ్చేది. ముగ్గురు పిల్లల తల్లి. మూడో కాన్పులో నెత్తురు ఆగక చచ్చి బతికింది. మళ్లీ కడుపొస్తే ప్రాణానికి పూచీ లేదని నర్సమ్మ అత్తకు చెప్పి, ఆపరేషన్ మాటెత్తింది. "ఆపరేషన్ అయితే బరువులెత్తకూడదటగా. మరి గడ్డిమోపులు ఎవరు మోస్తారమ్మా, నువ్వొస్తావా?" అంది అత్త. మొగుడు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అలా చిన్నకోడలి ప్రాణం వచ్చి బొత్తాల డబ్బాలో పడింది.

ఒకనాడు నర్సమ్మ వచ్చి మిషనక్కను పక్కకు పిలిచింది. "కడుపు రాకుండా మూడు నెలలకోసారి వేసే సూది వచ్చింది. ఇక రోజూ మాత్రల యాతన ఉండదు. నేను ఆ ఇళ్లకు వెళితే పసిగడతారు. మీవాళ్లకు నువ్వే చెప్పి బుధవారం తీసుకురా."

"అట్లాగేనమ్మా," అంది మిషనక్క. నర్సమ్మ గుమ్మం దాటగానే లెక్క వేసుకుంది. మూడు నెలలకోసారంటే ఏడాదికి నాలుగుసార్లు. మిగతా రోజులన్నీ గోడా, మిషనూ, తనూ.

రేపు చెబుదాంలే అనుకుంది. ఆ రేపు చిన్నకోడలు అత్త నడకను అనుకరించి నవ్వించింది. ఆ మర్నాడు దానికి తలనొప్పిగా ఉందని తనే కాస్త నూనె రాసింది. బుధవారం రానే వచ్చింది. "సూదంటే జడుసుకుంటున్నారమ్మా, ఎవరూ ఒప్పుకోలేదు," అని నర్సమ్మ ముఖం మీదే అబద్ధమాడేసింది. అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు తనకే ఒళ్లు జలదరించింది. అయినా ఆ మధ్యాహ్నం చిన్నకోడలు అడుగుల చప్పుడు వినగానే ప్రాణం లేచొచ్చింది. మనిషి కోసం మొహం వాచిపోయినవాళ్లకు మంచీ చెడ్డా ఆ పూటకే ఉంటాయి.

మూడు వారాలకు పాలింటి అత్త గేదెల కొట్టంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. చిన్నకోడలు ఎనిమిది రోజులు గడప దాటలేదు. మాత్ర పైట కొంగున ముడేసుకుని మిషనక్క పరామర్శ పేరుతో వెళ్లింది. ఇల్లంతా చుట్టాలు. కోడలు వంటింట్లో, అత్త మంచం వాకిట్లో. చిన్నకోడలూ తనూ ఒకరినొకరు చూసుకున్నారు, అంతే. మాత్ర కొంగు ముడిలోనే తిరిగొచ్చింది. తొమ్మిదో రోజు చిన్నకోడలు పరుగున వస్తే రెండు మాత్రలు ఒకేసారి మింగించింది. అది సరిపోతుందో లేదో ఇద్దరికీ తెలియదు.

సరిపోలేదు. రెండు నెలలు దాటాక ఓ మధ్యాహ్నం చిన్నకోడలు జాకెట్టుతో వచ్చింది. హుక్కులన్నీ బాగానే ఉన్నాయి.

"పక్కలు వదులు చెయ్యక్కా," అంది, ఎప్పటిలాగే గోడకు చేరగిలబడి.

మిషనక్క చేతిలో కత్తెర ఆగిపోయింది.

"నువ్వు మాత్రం ఏం చేస్తావులే. నేనే రాలేకపోయా. కడుపు సంగతి తెలిసి మా అత్తకు మహా సంబరం. ఇప్పుడు అడక్కుండానే ఆసుపత్రికి పంపుతుంది," అని నవ్వబోయింది, నవ్వు రాలేదు. "రాత్రిళ్లు భయమేస్తోందక్కా. పోయినసారి మంచం కిందిదాకా కారింది నెత్తురు. మా చెల్లెలి ఊళ్లో ఏదో సూది వేస్తున్నారంట. మూడు నెలలు చూసుకోనక్కర్లేదంట. మన వీధికి ఎప్పుడొస్తుందో."

"వచ్చింది," అంది మిషనక్క.

"ఎప్పుడు?"

"మీ అత్త పడకముందే."

చిన్నకోడలు కాళ్లు దగ్గరకు ముడుచుకుంది. "నీకు తెలీదా మరి?"

"తెలుసు. చెప్పమని నర్సమ్మ నాకే చెప్పింది. సూదేయించుకుంటే నువ్విక రోజూ రావని చెప్పలేదు." దాచుకోవడానికి ఇంకేమీ మిగలక మిషనక్క ఏడ్చింది. "మిగతా ముగ్గురికీ రేపే చెబుతా. నిన్ను మాత్రం..."

తిడుతుందేమోనని మిషనక్క ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది. ఆ పిల్ల లేచి, మిషను మీద పరిచి ఉన్న జాకెట్టు తీసుకుని మడతపెట్టింది.

"పిచ్చిదానివక్కా," అంది మెల్లగా. "ఆ ఇంట్లో నేను కూర్చునేదెప్పుడు? రోజు మొత్తంలో నేను కాళ్లు జాపుకునేది నీ గదిలోనే. సూది వేయించుకున్నా వచ్చేదాన్ని."

చెప్పులు వేసుకుని, జాకెట్టు చంకన పెట్టుకుని వీధిలోకి దిగింది. అవతలి వీధిలో ఇంకో కుట్టుమిషను ఉంది. అటే వెళ్లింది.