కిటికీ పక్క మంచం

ఆస్మా రోజూ పొద్దున్నే రేపల్లెలో ప్యాసింజరెక్కి తెనాలిలో దిగేది. రైల్లో ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆసుపత్రికొచ్చి తెల్లకోటు తొడుక్కుని, అన్నం డబ్బా అలమరలో పెట్టి, ఆడవాళ్ళ వార్డులో నర్సుగా జ్వరాలు చూసేది.

వానాకాలంలో ఒకరోజు ఒక ముసలమ్మకి సెలైను పెట్టబోతే నరం దొరకలేదు. ఒకటికి నాలుగుసార్లు పొడిచింది. చెయ్యి బూరెలా పొంగింది. ముసలమ్మ కొడుకు వార్డంతా వినపడేలా తిట్టాడు. ముసలమ్మ నయమై ఇంటికెళ్ళిపోయింది గానీ, సూది పట్టుకుంటే ఆస్మా చేతులు వణకడం ఆగలేదు.

ఆ మర్నాటి నుంచే కిటికీ పక్క మంచం మీద ఇంకో ఆస్మా పడుకుని ఉంటోంది. అదే మొహం, అదే ముక్కుపుడక. ఆయా బసవమ్మ, "దుప్పటి పైకి లాక్కో తల్లీ" అని కింద తుడిచి పోయేది. పక్క మంచం సైదాబీ తన ఫ్లాస్కు ఆమె స్టూలు మీదే పెట్టుకునేది.

అందరితోనూ "భయం లేదమ్మా, నేనున్నాగా" అనే ఆస్మా, ఆ మంచం దగ్గరకొచ్చేసరికి పళ్ళు బిగించి, "సిగ్గులేదూ? నువ్వూ ఒక నర్సువేనా?" అని పోయేది. మంచినీళ్ళయినా ఇచ్చేది కాదు.

"శనివారం దాకా చూస్తా. చెయ్యి కుదరకపోతే పని మానేద్దువుగాని" అన్నారు డాక్టరు గారు.

శనివారం మధ్యాహ్నానికి కిటికీ పక్క ఆమె పెదాలు ఎండి పగిలిపోయాయి.

"ఏంటమ్మా ఇది? ఊరందరికీ నీళ్ళెక్కిస్తారు, ఈ పిల్లేం పాపం చేసింది?" అని లేచింది సైదాబీ.

కరుణ సిస్టరు సెలైను సీసా తెచ్చింది గానీ సూది తియ్యలేదు. తోడు మనిషి సరేననందే అక్కడ ఎవరికీ సూది పెట్టరు.

"ఈమె తాలూకు ఎవరమ్మా?" అని కేకేసింది.

ఆస్మా తల దించుకుని మంచం దగ్గరకొచ్చింది.

"నేనేనండి" అంది చివరికి.

"అయితే నువ్వే పెట్టు. అవతల నాకు కాన్పు కేసుంది."

ఆస్మా మంచం మీద కూర్చుంది. తన చేతులు వణుకుతున్నాయి. పడుకున్నామె చెయ్యీ వణుకుతోంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని మెల్లగా రుద్దింది.

"భయం లేదమ్మా" అంది అలవాటుగా. "ఆ రోజు నరం దొరకలేదు. అంతే. ఎవరికైనా అవుద్ది. ఎన్నాళ్ళు ఏడుస్తావే పిచ్చిదానా... నేనున్నాగా."

వణుకు పూర్తిగా పోలేదు. వణుకుతూనే సూది దించింది. గొట్టంలో ఎర్రగా రక్తం కనపడింది.

"దొరికిందే!" అంది సైదాబీ.

సీసా అయిపోయే వేళకి డాక్టరు గారొచ్చి ఆ చెయ్యి తిప్పి చూశారు.

"ఎవరు పెట్టారు?"

"మన ఆస్మానేనండి" అంది బసవమ్మ.

"సోమవారం పెందలాడే రమ్మను. సూదులేయించుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు."

సాయంత్రం రేపల్లె ప్యాసింజర్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సూది తీసిన చోట ఆస్మా దూది పెట్టి బొటనవేలితో అదిమి పట్టుకుంది. వేమూరు రాకముందే రక్తం ఆగిపోయింది. అయినా వదల్లేదు.