పాలసీసా మాన్పించిన ఆదివారం

మా మనవరాలు ఏంజెల్‌కు రెండేళ్లు దాటాయి. పైపళ్లు అప్పుడే నల్లబడ్డాయి. ప్రొద్దుటూరులో పళ్ల డాక్టరు చూసి, సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోవడం వల్లే ఇలా అయిందని, మాన్పించకపోతే పళ్లు తీసేయాల్సి వస్తుందని చెప్పాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

బిడ్డ జమ్మలమడుగులో నా దగ్గరే ఉంటుంది. తల్లి వనజ, నా కూతురు, పులివెందులలో ఒక ఆసుపత్రిలో నర్సు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం మొదటి బస్సుకు వెళ్లిపోతుంది. అల్లుడు లారీ ఎక్కితే మళ్లీ ఎప్పుడు దిగుతాడో అతనికే తెలియదు.

సోమవారం నుంచి నా పాట్లు మొదలు. సీసా అటక మీద దాచి, స్టీలు గ్లాసులో పాలు పోసి, కాకినీ పిల్లినీ చూపిస్తూ గుక్క గుక్క తాగిస్తాను. గ్లాసు తోసేస్తుంది, పాలు నా చీర మీద పడతాయి. వారం సగమయ్యేసరికి దారికొస్తుంది. శుక్రవారం తానే గ్లాసు పట్టుకుంటుంది. శనివారం వనజ వస్తుంది.

తల్లిని చూసి బిడ్డ నా కొంగు వెనక దాక్కుంటుంది. వనజ బిస్కెట్ చూపిస్తే తీసుకుని మళ్లీ నా వెనక్కే. చివరకు వనజ అటక మీది సీసా దించుతుంది. అది కనబడితే చాలు, పరుగెత్తి తల్లి ఒళ్లో పడుతుంది. తాగినంతసేపూ ఒక చేత్తో వనజ చెవి తమ్మె తడుముతూ ఉంటుంది. వనజ కళ్లు మూసుకుని కూర్చుంటుంది. ఆ ముఖం చూస్తే వద్దనడానికి నాకు నోరు రాదు. సోమవారం తెల్లారేసరికి తల్లిని విడవలేక బస్టాండులో గుక్కపట్టి ఏడుస్తుంది.

పక్కింటి ఖమర్‌బీకి ఇదంతా నవ్వులాట. "మీ పిల్ల ఆరు దినాలు పెద్దది, ఆదివారమొస్తే పసిగుడ్డు. ఇట్లయితే పెండ్లికి గూడా సీసా కట్టి పంపాల దీవెనక్కా" అంది. వేపాకు నూరి పాలపీకకు పూయమని చెప్పింది కూడా ఆమే.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక వేపాకు నూరాను. పూసిన సీసా బిడ్డకు ఇవ్వబోతుంటే వనజ నా మణికట్టు పట్టుకుంది.

"నువ్వియ్యొద్దుమా. నేనిస్తా."

"వారానికి ఒక దినం వస్తాండావు. అది గూడా పోగొట్టుకుంటావా?"

"దానికి నువ్వు గిట్టకపోతే అది యాడికి పోతాది? వారమంతా ఎవురికాడ తింటాది, ఎవురికాడ పండుకుంటాది? ఆ చేదేదో నా చేతిమీదనే పోనీ."

సీసా ఇచ్చేశాను.

బిడ్డ పరుగున వచ్చి ఒళ్లో పడుకుంది. చెయ్యి చెవి తమ్మె మీదికి పోయింది. ఒక గుక్క పీల్చి ఆగింది. తల్లి ముఖంలోకి చూసింది. ఏడవలేదు. తానే పొరబడ్డాననుకుందేమో, మళ్లీ నోట పెట్టుకుంది. అప్పుడు ఉమ్మేసి, నాలుక అరచేత్తో తుడుచుకుంటూ ఒడి దిగి నా దగ్గరికి వచ్చింది. సాయంత్రం వనజ ఇంకోసారి ఇవ్వబోతే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పోయేవాళ్లను చూడడం నాకు చేతకాదు. మా ఆయన్ను సమాధుల తోటకు తీసుకుపోతున్నప్పుడు కూడా గోడవైపు తిరిగి నిలబడ్డాను. ప్రతి సోమవారం ఏడ్చే బిడ్డను ఊరడిస్తూ తప్పించుకునేదాన్ని, కానీ ఈ సోమవారం చూడక తప్పలేదు. బస్సు కిటికీలోంచి వనజ బిడ్డ వైపు వేలు చాపింది. బిడ్డ నోరు మూసుకుని నా భుజంలో ముఖం దాచుకుంది. గుక్కపట్టడం లేదు, ఏడుపు లేదు. కండక్టరు రైట్ అన్నాడు.

"పండ్లు బాగయితాయిలేమా" అంది వనజ. బస్సు కదిలింది.

మరునాడే బజారుకు పోయి కొత్త పీక తెచ్చాను. సీసా మరగబెట్టి, పాలల్లో చక్కెర వేసి బిడ్డకు చూపించాను. డాక్టరు మాట గుర్తుండే, బిడ్డ మళ్లీ వనజ ఒళ్లోకి పరుగెత్తాలని ఆ పని చేశాను. బిడ్డ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. రోజూ చూపించాను. రోజూ అంతే.

ఇవాళ శుక్రవారం. ఏంజెల్ గడపలో కూర్చుని, చుక్క కూడా ఒలకకుండా గ్లాసులో పాలు తాగుతోంది. రేపు సాయంత్రం వనజ వస్తుంది. సీసా మళ్లీ అటక మీద పెట్టాను.